కొలంబైన్లు, నేను, మా అత్తగారు

మేం ఇల్లు కొన్నది జనవరిలో. తోటపని తెలిసినవాళ్ళకి ఈ ఒక్క మాట చాలు, తర్వాత ఏం జరిగి ఉంటుందో అర్థమైపోతుంది. మాకు అప్పటికి తోటపని తెలియదు.

అమెరికాలో, ఈ హెర్న్‌డన్‌లో, మాలాంటివాళ్ళు ఇల్లు చూసే పద్ధతి ఒకటుంది. కారు దిగగానే ఫోన్ తీసి, కంపాస్ ఆన్ చేసి, గుమ్మానికి వీపు ఆనించి నిలబడతాం. తూర్పు అయితే లోపలికి వెళ్తాం. కాకపోతే ఏజెంట్‌కి థాంక్స్ చెప్పి మళ్ళీ కారెక్కుతాం. లోపల నేల పాలరాయా, చెక్కా అన్నది ఆ తర్వాతి సంగతి. ఈ ఇంటి ముందు ముల్లు సరిగ్గా తూర్పులో నిలబడింది. మా ఆవిడా నేనూ లాటరీ తగిలినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వంటగది ఆగ్నేయంలో ఉంది, ఈశాన్యంలో బరువు లేదు. పెరట్లోకి వెళ్తే గడ్డి మీద ఎండ ధారాళంగా పరుచుకుని ఉంది. "ఇక్కడ సొర పందిరి, అక్కడ టమాటాలు, ఆ మూల గోంగూర" అని మా ఆవిడ గాలిలో గీతలు గీసేసింది. అంత ఎండ ఎక్కణ్ణుంచి వస్తోందో తల పైకెత్తి చూసిన పాపాన పోలేదు ఇద్దరం. కంపాస్ ముల్లు మీద పెట్టిన కళ్ళు చెట్ల మీద పెట్టలేదు.

ఏప్రిల్‌లో పెరటి వెనకున్న చెట్లన్నీ ఆకులు తొడగడం మొదలుపెట్టాయి. మే నెలకి మా పెరడు మ్యాట్నీ మొదలైన సినిమాహాల్లా తయారైంది. ఆ చెట్లు మావి కావు, కాలనీ అసోసియేషన్‌వి. కొమ్మ నరకాలన్నా వాళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకోరు. ఆ వేసవిలో మా టమాటా మొక్కలు వెలుగు వెతుక్కుంటూ సన్నగా సాగి సాగి నా భుజం దాకా వచ్చాయి గానీ ఒక్కటంటే ఒక్క కాయ కాయలేదు. గోంగూర మొలిచి, చుట్టూ చూసి, మనసు మార్చుకుంది.

ఇక్కడ వేసవి పార్టీల్లో వీసాల గురించి మాట్లాడుకోవడం అయ్యాక సొరకాయల గురించి మాట్లాడుకుంటారు. ఎవరి పెరట్లో కాసినవి వాళ్ళు సంచుల్లో తెచ్చి అందరికీ పంచుతారు. "వీళ్ళ పెరట్లో ఎండ రాదంటండీ, పాపం" అని మాకు ఎప్పుడూ అందరికన్నా పెద్ద కాయ ఇచ్చేవాళ్ళు. ఆ జాలి సొరకాయని వెనక సీట్లో పడుకోబెట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. తూర్పు గుమ్మం మాట మళ్ళీ ఎవరమూ ఎత్తలేదు.

పక్కింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఒకప్పుడు స్కూల్ టీచరు. ఆవిడ పెరడూ మా పెరడంత చీకటే. కానీ అందులో ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. ఒకరోజు కంచె అవతల నుంచి నా టమాటా మొక్కల్ని చాలాసేపు చూసి, "నీడతో పోట్లాట ఎందుకు, నీడలో బతికేవే పెంచుకోరాదా?" అంది. చిన్న కవర్లో నల్లగా మెరిసే విత్తనాలు పోసి ఇచ్చింది, ఆవాలకన్నా సన్నం. కొలంబైన్లనే పూలమొక్కలవట. "ఇవి చలి తింటేగానీ మొలవవు. నవంబర్‌లో మట్టి మీద చల్లి, పైన ఏమీ కప్పకుండా వాటి సంగతి మర్చిపో" అని చెప్పింది.

చల్లడం చల్లాను గానీ మర్చిపోవడం నా వల్ల కాలేదు. మంచు పడినరోజు కూడా టార్చి లైటు వేసుకుని వెళ్ళి చూసొచ్చాను. మా ఆవిడ కిటికీలోంచి చూసి కర్టెన్ వేసేసింది.

వసంతంలో ఆకులు వచ్చాయి. చూస్తే అచ్చం కొత్తిమీర. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఎండ లేకపోయినా కొత్తిమీర భలే వచ్చిందే!" అని ఒక రెమ్మ తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు దిగులుగా చూసేవాళ్ళు. రసంలో వేస్తారేమోనన్న భయంతో పార్టీ జరిగినంతసేపూ నేను ఆ మొక్కల దగ్గరే కాపలా ఉండేవాణ్ణి. ఆ ఏడంతా ఆకులే. పూలు రెండో ఏడు గానీ రావని పక్కింటావిడ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ఈ మొక్కలు ఎన్నో ఏళ్ళు బతకవట. పూలని తెంపకుండా వదిలేస్తే అవే ఎండి, కాయలై, విత్తనాలు రాలి కొత్త మొక్కలు వస్తాయట. ఆ తోట బతికేది అలాగట. అంటే నా పువ్వులు కొమ్మ మీదే ఎండాలి. లేకపోతే మా పెరడు మళ్ళీ సినిమాహాలే.

రెండో ఏడు ఏప్రిల్‌లో మొగ్గలు కనిపించాయి. అదే వారం తెనాలి నుంచి మా అత్తగారు వచ్చారు.

మా అత్తగారికి నేనంటే మర్యాద. నాకు ఆవిడంటే మర్యాద. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ మర్యాదలు తగ్గలేదు సరికదా, బాగా ముదిరాయి. నేను నిలబడి ఉంటే ఆవిడ కుర్చీలో కూర్చోరు. ఆవిడ నిలబడి ఉన్నారని నేనూ కూర్చోను. దానితో ఇద్దరం నిలబడే టీవీ చూస్తాం. భోజనాల దగ్గర నేను ఎదురుగానే ఉన్నా, "బాబుగారికి పెరుగు కావాలేమో కనుక్కోవే" అని కూతుర్ని అడుగుతారు. నేను మా ఆవిడతో "వద్దని చెప్పు" అంటాను. మా ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పదు. పెరుగు వచ్చేస్తుంది.

వచ్చిన రెండోరోజు ఆవిడ పెరట్లోకి దిగి, నా మొక్కల ముందు ఆగారు.

"ఇవేం మొక్కలు బాబూ?"

"కొలంబైన్లండీ, అత్తయ్యగారూ."

"కూర చేస్తారా?"

"లేదండీ."

"పచ్చడా?"

"కాదండీ. తినకూడదు. పూలు పూస్తాయి."

"ఓహో. తలలో పెట్టుకుంటారా?"

"పెట్టుకోరండీ."

ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఊరికే చూడ్డానికండీ అన్న మాట నా నోటి దాకా వచ్చింది. కానీ ఆ ఎండలేని పెరట్లో, ఒక్క బీరపాదైనా లేని ఆ నేల మీద నిలబడి, జీవితంలో ఒక్క మొక్కని కూడా ఊరికే పెంచని మనిషితో ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

"మీ పూజకి ఉంటాయని, అత్తయ్యగారూ" అన్నాను.

మర్యాదకి అన్న మాట అది. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్తుంటే 'అప్పుడేనా, భోంచేసి వెళ్ళండి' అంటామే, అలాంటిది. ఆవిడ మొహం మాత్రం చేటంత అయింది.

నాలుగైదు రోజులకి మొదటి పూలు విచ్చాయి. పైన ఎరుపు, లోపల పసుపు, తలకిందులుగా వేలాడే జూకాల్లా ఉన్నాయి. వెనక అయిదు సన్నటి కొమ్ములు. రెండేళ్ళు ఎదురుచూసిన పూలు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా వాటి ముందు కూర్చుని ఫోన్ నిండా ఫోటోలు తీసుకున్నాను. ఆ ఆనందం ఎలాంటిదో చెప్పలేను. ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అలా లేదు. మర్నాడు కాఫీ పట్టుకుని పెరట్లోకి దిగితే కాడలే ఉన్నాయి.

పరుగున లోపలికి వచ్చాను. వంటింట్లో మేం దేవుడి గదిగా మార్చుకున్న అల్మరా తలుపు తీసి ఉంది. వేంకటేశ్వరస్వామి ఫోటోకి చెవుల దగ్గర రెండు, పాదాల దగ్గర రెండు, నా కొలంబైన్లు.

"చూశారా బాబూ, మీ పూలు స్వామికి ఎంత బాగున్నాయో!"

"చాలా బాగున్నాయండీ" అన్నాను, గుండె చిక్కబట్టుకుని.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రాత్రి మొగ్గ చూసి పడుకుంటాను, పొద్దున్న పువ్వు స్వామి దగ్గర ఉంటుంది. పోనీ ఏమన్నా అందామంటే, అనడానికి ఆవిడ ఏం తప్పు చేశారని? దేవుడితో పోటీకి వెళ్ళేంత ధైర్యం నాకూ లేదు. కక్కలేక మింగలేక ఆఫీస్ మీటింగుల్లో కూర్చునేవాణ్ణి. చివరికి మా ఆవిణ్ణి పట్టుకున్నాను.

"మీ అమ్మకి నువ్వు చెప్పొచ్చు కదా."

"ఏమని? మా అల్లుడు నా పూజ కోసం అమెరికాలో రెండేళ్ళు కష్టపడి పూలు పెంచాడని తెనాలి మొత్తానికి వీడియో కాల్ చేసి చూపించింది. మా పెద్దమ్మ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుందట. ఇప్పుడు వెళ్ళి కాదని చెప్పమంటావా? ఐ యామ్ నాట్ డూయింగ్ ఇట్. నువ్వే అన్నావు, నువ్వే చూసుకో."

నేనే చూసుకుందామని సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తూ స్టోర్‌లో ఆగి రెండు కట్టల గులాబీలు, ఒక కట్ట చామంతులు కొన్నాను. పూజకే అత్తయ్యగారూ, బోలెడు ఉన్నాయి, రోజూ పెరటి మెట్లు దిగక్కర్లేదు అన్నాను. ఆవిడ చాలా సంతోషించారు. ఆ గులాబీల్ని గాజు సీసాలో నీళ్ళు పోసి డైనింగ్ టేబుల్ మధ్యలో పెట్టారు.

"ఫ్రిజ్‌లో పెట్టి అమ్మిన పూలు దేవుడికెందుకు బాబూ, మన పెరట్లోవి ఉండగా. ఇవి ఇక్కడుంటే చూడ్డానికి బాగుంటాయి."

చూడ్డానికి పెంచినవి పూజలోకి వెళ్ళాయి, పూజకి కొన్నవి చూడ్డానికి వచ్చాయి. ఆ గులాబీల్ని ఎదురుగా పెట్టుకుని అన్నం తినడం నాకు పుండు మీద కారంలా ఉండేది.

మొక్కలు మూడే. మొదటిది పూయడం అయిపోయింది. రెండోదానికి నాలుగు మొగ్గలు మిగిలాయి. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. వాసన చూసిన పువ్వు దేవుడికి పనికిరాదు. చిన్నప్పుడు పూలసజ్జ మీదకి ముక్కు వంచితే చాలు మా నాయనమ్మ కేక వేసేది. కాబట్టి ఆవిడ తెంపేలోపల నేనే వెళ్ళి అన్ని పూలనీ వాసన చూసేస్తే సరి. ఆవిడ అది చూడాలి, అంతే. నోరు విప్పి ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు. ఇంత చక్కటి మర్యాదైన మార్గం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పొద్దున్నే లేచి, లుంగీ మీద చలికోటు వేసుకుని, వంటింటి కిటికీకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. చిక్కేమిటంటే, కొలంబైన్ నేల చూపులు చూసే పువ్వు. దాని మొహం దగ్గర ముక్కు పెట్టాలంటే మనం నేలకి తల ఆనించి మెడ పైకి తిప్పాలి. అలాగే తిప్పాను. వాసనేమీ లేదు. అయినా వంటింట్లోకి వినపడేలా "ఆహా!" అన్నాను. రెండో పువ్వు దగ్గరికి పాకాను. "ఆహా!"

"అంతా కులాసాయేనా?" అని ఇంగ్లీషులో వినపడింది. కంచె అవతల పక్కింటావిడ, చేతిలో నీళ్ళ గొట్టం.

"వాసన చూస్తున్నానండీ" అన్నాను నేల మీంచే.

"కొలంబైన్‌కి వాసన ఉండదే."

"తెలుసండీ."

ఆవిడ ఒక క్షణం ఆలోచించి, నీళ్ళు కట్టేసి, గుడ్ మార్నింగ్ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఇటు ఇంటి వెనకున్న చెక్క డెక్ మీద మా అమ్మాయి స్కూల్ బ్యాగ్‌తో నిలబడి ఉంది. "నాన్నా, ఆర్ యూ ఓకే?" అంది. ఓకే అన్నాను. అది నమ్మలేదు.

కిటికీలోంచి మా అత్తగారు అంతా చూశారు. ఆ రోజు పూలు తెంపలేదు. మర్నాడూ తెంపలేదు. నేను గెలిచాననుకున్నాను. మొదటిరోజు రాత్రి భోజనం దగ్గర నాకు పెరుగు రాలేదు. కావాలేమో కనుక్కోమని ఎవరూ అడగలేదు. రెండోరోజు రాత్రి కూడా రాలేదు. ఆవిడ సగం అన్నం వదిలేసి లేచిపోయారు.

మా ఆవిడ పైకి వచ్చి తలుపు వేసింది. "అమ్మ బాధపడుతోంది. తన పూజకి నీ పూలు వాడటం నీకిష్టం లేకపోతే ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా, కావాలని తను చూస్తుండగా ఎంగిలి చేశావట. ఏం తప్పు చేశానే అని నన్ను అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా తెలివంతా పోగేసి ఒక పెద్దావిణ్ణి ఏడిపించాను, అది కూడా మర్యాద పేరుతో. తిన్నగా కిందకి వెళ్ళాను. ఆవిడ డెక్ మీద, రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి పమిట సర్దుకున్నారు.

"అత్తయ్యగారూ, ఆ పూలు పూజకి కాదండీ" అన్నాను గబగబా, ఆగితే మళ్ళీ మర్యాద అడ్డొస్తుందని. "మొదట్నుంచీ కాదు. మీరడిగితే ఏం చెప్పాలో తెలీక అలా అన్నాను. అవి ఊరికే చూడ్డానికి."

"చూడ్డానికా?"

"అవునండీ."

"రెండేళ్ళు పెంచి, ఊరికే చూడ్డానికా?"

"అవునండీ."

ఆవిడ రెయిలింగ్ వదిలేసి, డెక్ మీద ఉన్న కుర్చీలో, నేను నిలబడి ఉండగానే, కూలబడ్డారు.

"ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా బాబూ! ఆ మెట్లు దిగలేక రోజూ నా మోకాళ్ళు విరిగిపోతున్నాయి. అల్లుడు ఇంత ప్రేమగా పెంచాడు కదా, వాడకపోతే చిన్నబుచ్చుకుంటాడేమోనని చలిలో స్వెట్టరేసుకుని మరీ దిగాను. అసలవేం పూలు బాబూ! వాసనా వర్చస్సూ లేదు. ఎవరో తిట్టినట్టు తలకాయలు వేలాడేసుకుని ఉంటాయి. స్వామి ఫోటో మీద పెడితే ఒక్కటీ నిలవదు, ప్లాస్టర్ వేసి అంటించేదాన్ని. మధ్యాహ్నానికి రేకులన్నీ రాలి అల్మరా నిండా చెత్త."

నా గుండె తేలికైపోయి ఉండాల్సింది. కానీ నాకు కోపం వచ్చింది.

"వాసన లేకపోతే ఏమండీ, ఆ రంగు చూడండి. చీకట్లో అంత ఎరుపు ఏ పువ్వుకి వస్తుంది? మీ బంతిపూలు పెట్టండి ఈ పెరట్లో, వారం బతకవు."

"బంతిపూలనంటారేం బాబూ, వాటి జోలికి రాకండి."

"మీరు కొలంబైన్లని అనొచ్చు, నేను బంతిపూలని అనకూడదా?"

లోపల వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మేం ఇద్దరం గొంతులు పెంచి పోట్లాడుకోవడం మా ఆవిడ పెళ్ళయ్యాక అదే మొదటిసారి వినడం. ఆ పోట్లాటలోనే విత్తనాల సంగతి కూడా చెప్పేశాను. పూలు కొమ్మ మీదే ఎండాలనీ, మూడు మొక్కల్లో ఒకటి అప్పుడే అయిపోయిందనీ, ఇలాగైతే వచ్చే ఏడాదికి ఏమీ మిగలదనీ.

ఆవిడ టక్కున ఆగిపోయారు. "విత్తనానికా? విత్తనానికి వదలాలని చెప్తే అసలు చెయ్యి వేసేదాన్నా? మా ఇంట్లో బీరపాదుకి మంచి కాయ చూసి విత్తనానికి వదిలేసేవాళ్ళం, ఎవరూ కొయ్యకుండా గుడ్డ కట్టి." అంటూనే లోపలికి వెళ్ళి పాత జాకెట్టు పీలిక ఒకటి పట్టుకొచ్చారు. నా చెయ్యి పట్టుకుని, రోజూ తన ప్రాణం తీసిన ఆ మెట్లే దిగి, నా ఫోన్ లైటు వెలుగులో మిగిలిన రెండు మొక్కల్లో బాగా మొగ్గలున్న కొమ్మని వెతికి దానికి పీలిక కట్టారు. ముడి ఊడదు కదా అని రెండుసార్లు లాగి చూశారు.

మర్నాడు శనివారం. పీలిక కట్టిన కొమ్మ మీద పువ్వు విచ్చింది. నేను రెండు మడత కుర్చీలు తెచ్చి మొక్క ముందు వేశాను. "కూర్చోండి, అత్తయ్యగారూ. చూద్దురుగాని."

ఆవిడ కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. చూశాం.

"ఇంకా ఎంతసేపు చూడాలి బాబూ?"

"ఇప్పుడేగా కూర్చున్నాం."

కుక్కర్ పెట్టి వచ్చానన్నారు. చూసుకోవడానికి మా ఆవిడ ఉందన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పేరంటానికి తొందరగా వచ్చేసిన మనిషిలా, ఇబ్బందిగా అటూ ఇటూ చూశారు. అంతలో బొటనవేలంత పిట్ట ఒకటి ఎక్కణ్ణుంచో వచ్చి, రెక్కలు కనపడనంత వేగంగా కొట్టుకుంటూ, ఆ పువ్వు కింద గాలిలో నిలబడింది. సన్నటి ముక్కు పైకెత్తి పువ్వు లోపల పెట్టింది. మా అత్తగారు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. పిట్ట వెళ్ళిపోయాక కూడా వదల్లేదు. తర్వాత కుర్చీలోంచి ముందుకి జారి, తల బాగా వంచి, పువ్వు కిందనుంచి పైకి చూశారు.

"లోపల ఇంత పసుపుందా బాబూ! రోజూ పైనుంచి తెంపడమే గానీ మొహం ఎప్పుడు చూశాను!"

ఆ తర్వాత ఎంతసేపు చూడాలని అడగలేదు. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఇద్దరం లెక్కపెట్టలేదు. పప్పు మాడింది. మా ఆవిడ కేకలేస్తే ఆవిడే ఎదురు కేకలేశారు.

ఆదివారం పొద్దున్న నేను కాఫీ పట్టుకుని పెరట్లోకి దిగితే నా కుర్చీ ఖాళీగా లేదు. అందులో, కింద తువ్వాలు పరిచి, పువ్వు వైపు మొహం పెట్టి, వేంకటేశ్వరస్వామి ఫోటో ఉంది. పక్క కుర్చీలో మా అత్తగారు స్వెట్టర్ వేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవలేదు. ఏం చెయ్యాలో తెలీక, కాఫీ కప్పుతో అలాగే నిలబడ్డాను.

"నిలబడతావేం బాబూ, ఆ మెట్టు మీద కూర్చో" అన్నారు పువ్వు మీంచి చూపు తిప్పకుండా. "కొంచెం పక్కకి జరుగు. స్వామికి అడ్డం."

జరిగి కూర్చున్నాను.